గ్లామరు అను వ్యాకరణము

గత శ్రావణమాసంలో మా ఇంటి పాత భోషాణం సర్దుతూ ఉండగా, అడుగున నాన్నగారి పంచాంగాల నడుమ గోధుమరంగు కవరు ఒకటి కనిపించింది. అందులో ఉన్నది పోస్టుకార్డంత నెగెటివు. కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. నల్లని ముఖంతో, తెల్లని జడతో మా అక్కయ్య. 1973లో పెళ్లిచూపుల నిమిత్తం తీయించిన ఫోటో అది. నెగెటివును కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే చెంపల మీద సన్నని పెన్సిలు గీతలు మెరిశాయి. ఒకటీ రెండూ కావు, వందల కొద్దీ.

ఆ గీతల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువు నన్ను చివరకు హాలీవుడ్డు దాకా తీసుకుపోయింది. నేను తెలుగు పండితుడను. కొవ్వూరులో భాషాప్రవీణ చదివి, ముప్పైమూడేళ్లు ఉన్నత పాఠశాలలో సంధులూ సమాసాలూ చెప్పి విరమించినవాడిని. ఛాయాచిత్రకళ నా విషయం కాదు. అయినా ఈ వ్యాసం వ్రాయడానికి సాహసించానంటే, దారిలో ఒక మాట ఎదురై, నీ విషయమే సుమా అని ధైర్యం చెప్పింది. ఆ మాట గ్లామరు.

మన సినిమా పత్రికల పుణ్యమా అని ఈ మాట తెలుగువారికి నెయ్యీ ఉప్పూ వలె పరిచితం. దీని వ్యుత్పత్తి వెదికితే ఆశ్చర్యం కలిగింది. ఇంగ్లీషులో వ్యాకరణానికి వాడే గ్రామర్ అనే మాటే స్కాట్లండు వారి నోట రకారం లకారమై గ్లామర్ అయిందట. మధ్యయుగాల ఐరోపాలో వ్యాకరణం అంటే లాటిను చదువు. చదువురాని జనానికి ఆ చదువు మంత్రతంత్రాల వలె తోచేది. కనుక వ్యాకరణం తెలిసినవాడు కనికట్టు కూడా తెలిసినవాడని లోకం నమ్మింది. ఉన్నదానిని లేనట్లుగా, లేనిదానిని ఉన్నట్లుగా చూపే ఆ కనికట్టుకే గ్లామరు అని పేరు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో సర్ వాల్టర్ స్కాట్ తన రచనలలో వాడి ఈ మాటకు వ్యాప్తి తెచ్చాడు. సౌందర్యం అనే అర్థం చాలా ఆలస్యంగా వచ్చింది. సినిమా దానిని స్థిరపరచింది.

వ్యాకరణమంటే మనకు ఆగమం, ఆదేశం, లోపం. లేని అక్షరం వచ్చి చేరితే ఆగమం. ఒక అక్షరాన్ని తొలగించి మరొకటి కూర్చుంటే ఆదేశం. ఉన్న అక్షరం కనబడకుండా పోతే లోపం. 1920, 1930 దశకాలలో హాలీవుడ్డు స్టూడియోలలో తయారైన తారల చిత్తరువులను ఒక్కొక్కటిగా చూస్తూ పోతే, అవన్నీ ఈ మూడు సూత్రాలతో నడిచినట్లే నాకు తోచింది.

ముందుగా ఆ చిత్తరువుల అవసరం ఏమిటో చెప్పాలి. ఆనాటి సినిమా ఊరిలోకి వచ్చి కొన్ని రోజులు ఆడి వెళ్లిపోయేది. మళ్లీ చూద్దామంటే దొరకదు. టెలివిజను లేదు. ప్రేక్షకుని చేతిలో మిగిలేది తార ఫోటో ఒక్కటే. నటీనటులు ఏళ్ల తరబడి ఒప్పందాలతో ఒకే స్టూడియోకు కట్టుబడి ఉండేవారు. వారి ముఖం స్టూడియో ఆస్తి. రెండు చిత్రాల నడుమ తీరిక దొరికితే తారను చిత్తరువుల గదికి పిలిపించి, 8×10 అంగుళాల నెగెటివు పట్టే పెద్ద కెమెరా ముందు కూర్చోబెట్టేవారు. అక్కడ తయారైన ప్రతులు ఫోటోప్లే వంటి పత్రికలకూ, వార్తాపత్రికలకూ, అభిమానులకూ వేల సంఖ్యలో వెళ్లేవి. సినిమా విడుదల కాకముందే ఆ ముఖం దేశం చుట్టి వచ్చేది.

1924లో ఏర్పడిన ఎం.జి.ఎం. సంస్థ ఈ విద్యలో అగ్రగామి. 1925లో ఆ సంస్థ తన చిత్తరువుల గదిని ఇరవైరెండేళ్ల రూత్ హ్యారియట్ లూయీస్ చేతిలో పెట్టింది. న్యూయార్క్ నగరంలో ఒక యూదు మతగురువు కుమార్తెగా పుట్టిన ఆమె, ఒక పెద్ద సినీసంస్థలో ఆ పదవిని నిర్వహించిన మొదటి స్త్రీ. స్వీడను నుంచి అప్పుడే వచ్చిన గ్రేటా గార్బోకు తొలి అమెరికా చిత్తరువులలో అనేకం ఆమె తీసినవే. జోన్ క్రాఫర్డు, నార్మా షియరర్, రామోన్ నొవారో, లాన్ చానీ అందరూ ఆమె ఎదుట కూర్చున్నవారే. అయిదేళ్లైనా నిండకుండానే ఆమె ఆ ఉద్యోగం విడిచింది. 1940లో ప్రసవ సమయంలో కన్నుమూసింది. తరువాత చాలా కాలం ఆమె పేరు ఎవరికీ పట్టలేదు. 2002లో రాబర్ట్ డాన్స్, బ్రూస్ రాబర్ట్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు గ్రంథం వ్రాసేదాకా ఆ చీకటి అలాగే ఉంది. ముఖాలను లోకానికి చూపిన మనిషే లోకానికి కనబడకుండా పోవడం విచిత్రం.

ఆమె స్థానంలోకి 1930లో వచ్చినవాడు జార్జి హరెల్. 1904లో పుట్టిన ఇతడు చిత్రకారుడు కావాలనుకుని షికాగోలో చిత్రకళ చదివి, 1925లో కాలిఫోర్నియా సముద్రతీరంలోని లగూనా బీచికి చేరాడు. పూట గడవడానికి ఫోటోలు తీసేవాడు. విమానాలు నడిపే సాహసి పాంచో బార్న్స్ అనే స్త్రీ ద్వారా రామోన్ నొవారో పరిచయమయ్యాడు. నొవారో తన ఫోటోలను నార్మా షియరర్‌కు చూపించాడు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

షియరర్ ఎం.జి.ఎం. నిర్మాణాధిపతి ఇర్వింగ్ థాల్బర్గుకు భార్య. అప్పటికే పెద్ద తార. అయినా “ది డివోర్సీ” అనే చిత్రంలో నాయిక పాత్ర ఆమెకు దక్కలేదు. అది కట్టుబాట్లను ధిక్కరించే స్త్రీ పాత్ర. ఈమె ఉత్తమ ఇల్లాలి వలె కనిపిస్తుంది కాబట్టి పనికిరాదని భర్త అభిప్రాయం. ఆమె ఆయనతో వాదించలేదు. 1929లో హరెల్ వద్దకు వెళ్లి, జుట్టు వదులు చేసి, పట్టుగౌను ధరించి, తనను ఆ పాత్రగా చూపమని కోరింది. ఆ ఫోటోలు చూసిన థాల్బర్గు మనసు మార్చుకున్నాడు. పాత్ర ఆమెకు దక్కింది. 1930లో విడుదలైన ఆ చిత్రానికి ఉత్తమ నటిగా అకాడమీ పురస్కారమూ దక్కింది. హరెల్‌కు ఎం.జి.ఎం.లో ఉద్యోగం దొరికింది. ఇంట్లో రోజూ చూసే భార్య ముఖాన్ని కొత్తగా చూడడానికి భర్తకు ఒక ఛాయాచిత్రం కావలసి వచ్చిందన్న మాట!

హరెల్ తెచ్చిన మార్పు వెలుతురులో ఉంది. అతనికి ముందు కటకానికి పలుచని తెర అడ్డుపెట్టి, మంచులో చూసినట్లు మసకగా తీయడం గౌరవప్రదమైన పద్ధతి. హరెల్ ఆ మసకను తీసివేశాడు. కనురెప్ప వెంట్రుక కూడా లెక్కపెట్టగలిగినంత స్పష్టత తెచ్చాడు. గది అంతా వెలిగించడం మానుకుని, ఒక్క దీపంతో ముఖాన్ని చీకటిలోంచి తొలిచి తీసినట్లు చూపాడు. పొడవైన కడ్డీ చివర దీపం కట్టి తలపైకి తెచ్చే ఏర్పాటు కూడా అతనిదేనని చెబుతారు. గ్రామఫోను పాటలు పెట్టి, తాను గంతులు వేసి, కూర్చున్న వారిలో బిడియం పోగొట్టేవాడట. గార్బోకు ఈ సందడి నచ్చలేదు. 1930లో “రొమాన్స్” చిత్రానికి ఒక్కసారి మాత్రం అతని ఎదుట కూర్చుని, మౌనంగా పనిచేసే క్లారెన్స్ సింక్లెయిర్ బుల్ వద్దకు తిరిగి వెళ్లింది. 1941లో ఆమె సినిమాలు మానేదాకా బుల్ ఆమె ముఖాన్ని తీస్తూనే ఉన్నాడు. 1931లో ఈజిప్టు స్ఫింక్సు శరీరానికి ఆమె ముఖాన్ని అతికించి ఒక చిత్రం చేశాడు. మా పరిభాషలో చెప్పాలంటే అది రూపక సమాసం.

పారమౌంట్ సంస్థలో మరొక సంప్రదాయం నడిచింది. దర్శకుడు జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ మార్లీన్ డీట్రిచ్ ముఖానికి ఎదురుగా, బాగా ఎత్తున దీపం పెట్టించేవాడు. అప్పుడు ముక్కు కింద సీతాకోకచిలుక రెక్కలవంటి చిన్న నీడ పడుతుంది. చెక్కిళ్ల కింద నీడ దిగి ముఖం శిల్పం వలె తేరుతుంది. యూజీన్ రాబర్ట్ రిషీ వంటి ఫోటోగ్రాఫర్లు ఈ వెలుతురును చిత్తరువులలో నిలిపారు. డీట్రిచ్ దీనిని ఎంత బాగా నేర్చుకుందంటే, దీపం ఎక్కడుండాలో తరువాతి రోజుల్లో తానే చెప్పేది. లేని ఎముకను నీడతో ఇవ్వడం ఆగమం కాక మరేమిటి? నిలువు, అద్దం అనే రెండు మాటల నడుమ ఎక్కడినుంచో టకారం వచ్చి నిలువుటద్దం అయినట్లు!

ఇక లోపం. అసలు పని ఇక్కడే ఉంది. నెగెటివులో ముఖం మీది మచ్చ పలుచగా ఉంటుంది. ఆ పలుచని చోట వెలుతురు ఎక్కువగా దాటిపోవడం వలన కాగితం మీద నల్లచుక్క పడుతుంది. ఆ పలుచని చోటును పెన్సిలు పొడితో నింపితే వెలుతురు ఆగుతుంది. మచ్చ మాయమవుతుంది. దీనికోసం నెగెటివుకు పలుచని పూత పూసి, కింద వెలుతురున్న బల్లమీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో కామా గుర్తులంత గీతలు గీయాలి. నల్లగా ముదిరిన చోట సన్నని కత్తితో గీకాలి. 1931 నాటి హరెల్ ఫోటో ఒకటి రెండు ప్రతులుగా మిగిలింది. “లాఫింగ్ సిన్నర్స్” చిత్రం కోసం తీసిన జోన్ క్రాఫర్డు ముఖం అది. దిద్దని ప్రతిలో బుగ్గలు, ముక్కు, నుదురు, భుజాలు అన్నీ చుక్కలే. కళ్ల కింద గీతలు. దిద్దిన ప్రతిలో పాలరాయి. గంటల తరబడి ఆ పని చేసిన జేమ్స్ షార్ప్ పేరు పత్రికలో ఎవరు వేస్తారు? కాని ఈ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు నేను ఎక్కువసేపు చూసింది దిద్దని ముఖాన్నే. అక్కడ ఒక ఇరవై అయిదేళ్ల అమ్మాయి ఉంది.

మచ్చలు చెరపడం వరకూ ఇది ముచ్చటే. కాని అదే వెలుతురు మనుషుల పుట్టుకనూ చెరపడానికి పనికివచ్చింది. మెర్ల్ ఒబెరాన్ మన బొంబాయిలో 1911లో పుట్టింది. కలకత్తాలో పెరిగింది. ఆంగ్లో ఇండియను. ఆ మాట బయటపడితే హాలీవుడ్డులో నాయిక పాత్రలు రావు. అందుచేత ఆమె టాస్మేనియాలో పుట్టిందని ప్రచారం చేశారు. “ది డార్క్ ఏంజెల్” చిత్రానికి ఉత్తమ నటి పురస్కారం కోసం ఆమె పేరు పరిశీలనకు వచ్చినప్పుడు ఆమె భారతదేశపు బిడ్డ అని ఎవరికీ తెలియదు. 1937లో లండనులో జరిగిన కారు ప్రమాదంలో ఆమె ముఖానికి గాయాలయ్యాయి. తరువాత “ది లాడ్జర్” చిత్రీకరణలో ఛాయాగ్రాహకుడు లూసియన్ బలార్డ్ ఆ మచ్చలు కనబడకుండా కెమెరా కటకం పక్కనే ఒక చిన్న దీపం అమర్చాడు. ఆ దీపానికి ఆమె పేరుమీద “ఓబీ” అని పేరు వచ్చింది. ముఖం మీది గాయానికి ఒక దీపం, పుట్టుకకు ఒక కట్టుకథ. 1979లో ఆమె మరణించాకనే నిజం పుస్తకాలకెక్కింది. 2023లో మిషెల్ యో పేరు ఉత్తమ నటి జాబితాలోకి వచ్చినప్పుడు, ఆసియా సంతతి వారిలో ఆమె మొదటిదా, ఒబెరాన్ మొదటిదా అని పత్రికలు చర్చించాయి. దాచిన పుట్టుక ఎనభై ఏడేళ్లకు లెక్కలోకి వచ్చింది.

లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన చీనా సంతతి నటి అన్నా మే వాంగ్ కథ మరొక రకం. ఆమె ముఖాన్ని దాచడానికి వీలులేదు. హరెల్ వంటివారు ఆమెకూ గొప్ప చిత్తరువులు తీశారు. కాని 1937 నాటి “ది గుడ్ ఎర్త్” చిత్రంలో చీనా రైతు భార్య పాత్ర ఆమెకు రాలేదు. నాయకుడు శ్వేతజాతి నటుడు. వేరు జాతుల వారిని ప్రణయ జంటగా చూపరాదని ఆనాటి సినీ నియమావళి. ఆ పాత్ర లూయీజ్ రైనర్‌కు దక్కింది, పురస్కారం కూడా. వాంగ్‌కు వెలుతురు ఇచ్చారు, వేషం ఇవ్వలేదు. 2022లో అమెరికా ప్రభుత్వం ఆమె ముఖాన్ని పావుడాలరు నాణెం మీద ముద్రించింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ విద్య క్షీణించింది. 1936 నుంచి లైఫ్ పత్రిక, చేతిలో ఇమిడే చిన్న కెమెరాలు సహజమైన ఫోటో మీద రుచి పెంచాయి. స్టూడియోల ఒప్పందాలు సడలిపోయాయి. పాత నెగెటివులు, ప్రతులు చాలా వరకు చెత్తలో కలిశాయి. జాన్ కోబల్ అనే సంగ్రాహకుడు వాటిని ఏరి దాచి, వృద్ధులైన హరెల్, బుల్ వంటివారిని వెదికి పట్టుకుని, వారిని కళాకారులుగా నిలబెట్టాడు. హరెల్ 1992లో మరణించాడు.

ఇక నా నెగెటివు దగ్గరకు వస్తాను. ఆ పెన్సిలూ, ఆ వెలుతురు బల్లా హాలీవుడ్డులో ఆగిపోలేదు. ప్రపంచంలోని చిన్న ఊళ్ల స్టూడియోలకు కూడా చేరాయి. మా తాలూకా కేంద్రంలోని స్టూడియోలో సీనరీ తెర, నల్లగుడ్డ కప్పిన కెమెరా, గోడమీద సినీతారల ఫోటోలు ఉండేవి. అక్కయ్యకు ఆరేళ్ల వయసులో మశూచి వచ్చింది. బ్రతికింది గాని చెంపల నిండా గుంటలు మిగిలాయి. ఫోటో తీయించే నాడు ఆమె విజయచిత్రలో చూసిన వాణిశ్రీ ముడి వేసుకుంటానంది. అమ్మ ఒప్పుకోక పూలజడే వేసింది. నాన్నగారు స్టూడియో ఆయనతో “కొంచెం బాగా రావాలండీ” అన్నారు. ఆయనకు అర్థమయింది. పది రోజుల తరువాత ఫోటో తెచ్చి చూపిస్తే అక్కయ్య చాలాసేపు చూసి, “ఎవర్రా తమ్ముడూ ఈవిడ?” అని నవ్వింది.

ఫోటో చూసి పెళ్లివారు వచ్చారు. కాఫీలు తాగి వెళ్లారు. ఫోటోకూ పిల్లకూ పోలిక లేదని వారం రోజుల్లో ఉత్తరం వచ్చింది. నాన్నగారు స్టూడియోకు వెళ్లి, ఇక దీనికి ప్రతులు వేయవద్దని చెప్పి నెగెటివు అడిగి తెచ్చుకున్నారు. దానిని పంచాంగాల మధ్య పెట్టారు. రెండేళ్ల తరువాత మా బావగారు ఫోటో అడగకుండానే వచ్చి చూసి చేసుకున్నారు. అది వేరే సంగతి. అయితే అక్కయ్య ఆ తరువాత ఏ కెమెరా ఎదుటా తిన్నగా నిలబడలేదు. తల వంచుకునేది, లేదా పిల్లలను ముందుకు తోసేది.

మూడేళ్ల క్రిందట ఆమె పోయింది. పెద్దకర్మ నాడు దండ వేయడానికి ఎదురుముఖం ఫోటో మరొకటి దొరకలేదు. ఆమె కొడుకులు ఈ పెళ్లిచూపుల ఫోటోనే పెద్దది చేయించారు. వచ్చిన వారంతా “ఎంత అందంగా ఉండేదో” అన్నారు. నేను దణ్ణం పెట్టలేక పక్కకు వెళ్లి కూర్చున్నాను.

తరగతిలో లులనల సంధి చెప్పేటప్పుడు పుస్తకములు పుస్తకాలు అవుతుందని బల్లమీద వ్రాసేవాడిని. ము లోపిస్తుంది, కాని దాని ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది. లోపించిన అక్షరం తన జాడను ముందు అక్షరంలో వదిలిపోతుంది. పాణిని కూడా లోపమంటే కనబడకపోవడమనే చెప్పాడు, లేకపోవడమని చెప్పలేదు. ఎన్ని వందలమంది పిల్లలకు చెప్పానో. నా ఇంటి విషయంలో మాత్రం ఇన్నాళ్లకు గాని తట్టలేదు.

పెన్సిలు గీతలను తుడిచివేయవచ్చునని చదివినప్పుడు, తుడిపించి అసలు ముఖం ప్రింటు వేయిద్దామనుకున్నాను. గత నెల మేనకోడలు వచ్చినప్పుడు నెగెటివు ఆమె చేతికిచ్చి సంగతి చెప్పాను. కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది. పెన్సిలు గీతల కింద గుంటలు ఒక్కొక్కటిగా కనబడ్డాయి. ఎడమ చెంప మీద ఒకచోట వేలు ఆనీ ఆననట్లు పెట్టి, “మామయ్యా, చిన్నప్పుడు అమ్మ పక్కలో పడుకుని నేను తడిమేది దీన్నే” అంది.

తుడిపించనా అని అడిగాను. వద్దంది. నెగెటివును కవరులో పెట్టుకుని తనతో తీసుకువెళ్లింది.